రిటైర్మెంటు కథలో లేని మనిషి

పదవీ విరమణ మన కథకులకు ఇష్టమైన ఇతివృత్తం. సన్మానసభ, శాలువా, మర్నాటి నుంచి కోడలి ముఖంలో మార్పు, చివరికి వీధి అరుగు మీద పడక్కుర్చీ. ఉద్యోగం పోయినవాడు పనికిరానివాడన్న సూత్రం మీద ఈ కథలు నిలబడ్డాయి. 1979లో బడి ఉద్యోగం నుంచి విరమించిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పారు. మన కళ్ళముందు జరిగింది మన కథల్లోకి రాలేదు!

ఈ కథల అసలు లోపం వేరే ఉంది. ఆ వయసును ఎవరు, ఎందుకు నిర్ణయించారని అవి అడగవు. ఆంధ్రప్రదేశ్‌లో 1979లో అది 55 నుంచి 58 అయింది. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం, నిరుద్యోగ యువకులకు చోటు కల్పించాలంటూ, మళ్ళీ 55కి దించింది. ఆ నెలాఖరుకే వేలమంది ఇళ్ళకు వెళ్ళారు. 1984లో తిరిగి 58. అలా దించడం రాజ్యాంగ విరుద్ధం కాదని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో 60, 2022లో 62. మనుషుల ఒంట్లో సత్తువ ఇన్నిసార్లు పెరిగి తరిగిందా? ఖజానా అవసరమే ఆ అంకెను నడిపిందని నా అభిప్రాయం.

ఇది మధ్యతరగతి గోడు, మనకెందుకు అనే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. 62 అన్న వార్తకు ఊపిరి పీల్చుకున్న తండ్రీ, డీఎస్సీ కోసం ఏళ్ళ తరబడి చదువుతున్న కొడుకూ ఒకే కంచాల వరసలో కూర్చున్న ఇల్లు కథకుడికి కావాలి. 2018 తర్వాత పెద్ద డీఎస్సీ 2025లోగాని పూర్తికాలేదు. ఇద్దరిలో ఎవరూ దుర్మార్గులు కారు. కోడలిని దుర్మార్గురాలిని చేయడం మాత్రం సులువు.

ఇక మా కోనసీమ. అమలాపురం, రాజోలు తోటల్లో కొబ్బరి దింపు తీసే కార్మికుణ్ణి ఏ జీవో రిటైరు చేయదు, మోకాళ్ళు చేస్తాయి. చెట్టెక్కలేని రోజున అతనికి కూలి లేదు. సన్మానసభ లేదు కనుక కాబోలు, మన కథకుడూ అటు వెళ్ళలేదు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడికి 50 ఏళ్ళకే ప్రభుత్వ పింఛను ఉంది. కొబ్బరిచెట్టు ఎక్కేవాడు సాధారణంగా వృద్ధాప్య పింఛను కోసం 60 దాకా ఆగాలి. ఆ పదేళ్ళూ అతను ఏం తిన్నాడో రాసిన కథ నాకింకా కనబడలేదు.