కల్వం పట్టిన చేతులు

బేస్తవారిపేటకు పడమట నల్లమల. ఆ కొండల వెంటే ఉత్తరానికి పోతే శ్రీశైలం, పాదరసంతో బంగారం చేయజూసిన రససిద్ధుల మాయాలోకం. నాగార్జునుడు బండల్ని బంగారం చేశాడన్న కథను 7వ శతాబ్దిలోనే చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ రాసుకున్నాడు. నిత్యనాథసిద్ధుడి రసశాస్త్ర గ్రంథం ‘రసరత్నాకరం’ శ్రీపర్వతపు (శ్రీశైలపు) వింతలకు చోటిచ్చింది.

నాకైతే ఆ బంగారం కంటే ఆ సిద్ధుల నూరుడే గొప్ప. పాదరసం, గంధకం కల్వంలో వేసి, తళుకు చుక్క మిగలకుండా కాటుకలా నల్లబడేదాకా నూరాలి. అదే కజ్జలి. మట్టి పూసిన గుడ్డ చుట్టిన గాజు సీసాలో దాన్ని పోసి ఇసుకలో కాస్తే, మెడ దగ్గర ఎర్రటి రససిందూరం పేరుకుంటుంది. ఎంత ఓపిక! ఆయుర్వేద మందుల తయారీలో ఈ పద్ధతి నేటికీ ఉంది. పాదరసం విషం కాబట్టి తెలిసినవాళ్లే ముట్టాల్సిన పని. లోహాన్ని కాల్చి చేసే భస్మానికి ఈ వైద్యులు పెట్టే పరీక్ష చూడండి: నీళ్లపై చిటికెడు చల్లితే తేలాలి, వేళ్ల మధ్య రుద్దితే గీతల్లో ఇంకాలి.