కాదన్నవారు కారణం చెప్పాలి

ప్రాణభయంతో స్వదేశం విడిచిన మనిషి తనకు ఆశ్రయమిమ్మని ఆస్ట్రేలియా ప్రభుత్వానికి పెట్టుకునే అర్జీని రక్షణ వీసా దరఖాస్తు అంటారు. జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండడం అనే కారణాలలో ఏదో ఒకదాని వల్ల తనకు హాని జరగవచ్చన్న భయం ఆధారమున్నదేనని అతడు సాధారణంగా అధికారిని ఒప్పించగలగాలి. అధికారి కాదంటే, సాక్ష్యాలను మొదటినుంచి పరిశీలించి సొంత నిర్ణయం చేయగల ట్రిబ్యునల్ ఉంది. అక్కడా కాదంటే 35 రోజులలోగా న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చు గాని, ఆ గడప దగ్గర ప్రశ్నే మారిపోతుంది.

అతడి భయం నిజమా అన్నది న్యాయమూర్తి తేల్చరు. ట్రిబ్యునల్ చట్టం గీసిన గీత లోపలే నిలిచి నిర్ణయించిందా అని మాత్రమే చూస్తారు. దీనినే న్యాయ సమీక్ష అనీ, గీత దాటడాన్ని అధికార పరిధి దోషమనీ అంటారు. మతం వల్లా రాజకీయాల వల్లా ముప్పుందని దరఖాస్తుదారు రెండు కారణాలు చెప్పుకోగా ట్రిబ్యునల్ ఒక్కదానినే విచారించి ఊరుకుంటే, అది అటువంటి దోషమే. దోషం రుజువైనా వీసా చేతికి రాదు, ఫైలు పునర్విచారణకు తిరిగి వెళుతుంది. ఆ తీర్పులలో దరఖాస్తుదారు పేరుకు బదులు కొన్ని అక్షరాలు, అంకెలు మాత్రమే కనిపిస్తాయి. పేరు అచ్చయితే, అతడు ఎవరికి భయపడి వచ్చాడో వారి కంట అది పడవచ్చునన్న జాగ్రత్త అందులో ఉంది.

ఈ చర్చ గోదావరి సీమకు పరాయిది కాదు. కోరంగి రేవు నుంచి రంగూన్‌కు ఓడలెక్కిన కూలీల కాలం మొదలు కువైట్‌కు విమానమెక్కుతున్న కోనసీమ స్త్రీల వరకు, ఈ డెల్టా బతుకులో దూరప్రయాణం ఒక భాగం. ఆ ప్రయాణానికి ఆధారమైన కాగితం అధికారి ఇష్టాయిష్టాలపై వేలాడకూడదని తీర్పు చెప్పిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, 1902లో రాజమహేంద్రవరంలోనే పుట్టారు.

ఆ కేసులో, ఇంజనీరింగ్ సామగ్రి ఎగుమతి దిగుమతుల వ్యాపారి సత్వంత్ సింగ్ సాహ్నీకి, పాస్‌పోర్టులు తిరిగి అప్పగించమని అధికారులు 1966లో లేఖలు రాశారు. పాస్‌పోర్టు ఇవ్వడానికీ నిరాకరించడానికీ నియమాలు చెప్పే చట్టం అప్పటికి లేదు. అది ప్రభుత్వ విచక్షణకు సంబంధించిన విషయమన్నది సర్కారు వాదన. 1967 ఏప్రిల్ 10న, పదవి వీడడానికి ముందురోజు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు ముగ్గురి మెజారిటీ తరఫున ఆ వాదనను తోసిపుచ్చారు. విదేశ ప్రయాణం రాజ్యాంగంలోని 21వ అధికరణ కాపాడే వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, హద్దుల్లేని విచక్షణ 14వ అధికరణలోని సమానత్వానికి విరుద్ధమని ప్రకటించి, లేఖల్లోని నిర్ణయాన్ని ఉపసంహరించుకోవాలని మాండమస్, అంటే అధికారిని చట్టబద్ధమైన విధికి కట్టుబడి ఉండమనే రిట్టు, జారీ చేశారు. ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు.

ఇక శరణార్థుల సంగతికొస్తే, భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు, శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. అయినా 21వ అధికరణ రక్షణ పౌరులకే పరిమితం కాదు కనుక, 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థులను బలవంతంగా వెళ్లగొట్టకుండా కాపాడవలసిన బాధ్యత రాష్ట్రానిదేనని సుప్రీంకోర్టు చెప్పగలిగింది. వారి పౌరసత్వ దరఖాస్తులను న్యాయస్థానం తానే ఆమోదించలేదు. కింది అధికారులు తొక్కిపట్టకుండా కేంద్రానికి పంపి తీరాలని ఆదేశించింది.

నిర్ణయం చట్టప్రకారం జరగాలని మాత్రమే కోర్టు పట్టుబట్టడం చిన్న మేలుగా తోచవచ్చు గాని, నిస్సహాయుడికి ఇంతకంటే గట్టి ఊతం అరుదు. సాహ్నీ తీర్పు వెలువడిన కొద్ది నెలలకే వచ్చిన పాస్‌పోర్టుల చట్టం, నిరాకరించే అధికారి కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలనీ, దేశభద్రత వంటి మినహాయింపులు తప్ప అడిగినవారికి వాటి ప్రతిని ఇవ్వాలనీ నిర్దేశించింది. కారణం కాగితం మీదికి వచ్చినప్పుడే అందులోని తప్పు పట్టుబడుతుంది. అమలాపురం నుంచి దరఖాస్తు పెట్టుకున్న మనిషికైనా, పేరు దాచుకుని పరాయి దేశపు కోర్టులో నిలబడిన మనిషికైనా, పోరాటం మొదలయ్యేది ఆ కాగితంతోనే.