అడుగంటిన గిన్నె, చెరిగిన ఫోటోలు

పప్పుచారులో ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్కలు వెయ్యమంటారు. కంప్యూటర్ నెమ్మదిస్తే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి నాలుగైదుసార్లు రిఫ్రెష్ చెయ్యమంటారు. రెండూ మన ఇళ్లలో నోటిమాటగా పాకిన చిట్కాలే. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం రెండింటి విలువ ఒకటి కాదు.

దుంప ఉప్పునొక్కదాన్నే ఏరుకుని పీల్చదు, ఉప్పునీటిని పీలుస్తుంది. మిగిలిన చారు అంతే ఉప్పగా ఉంటుంది. అయినా ఆ మాటలో సగం నిజముంది. ముక్కలు తీసేసి, తగ్గిన మేర మామూలు నీళ్లు పోస్తే ఉప్పు పలచబడుతుంది. మా అమ్మ దుంప జోలికి పోదు. ఉప్పు వెయ్యని ఉడికిన పప్పు ఇంకో రెండు గరిటెలు మెదిపి కలుపుతుంది. ఉప్పూ తగ్గుతుంది, చారూ నీళ్లనీళ్లగా అవదు. రిఫ్రెష్‌లో ఆ సగం నిజమైనా లేదు. అది తెరమీది ఐకాన్లను మళ్లీ చూపిస్తుంది, మెమరీని ఖాళీ చెయ్యదు.

రీస్టార్ట్ సంగతి వేరు. ప్రోగ్రాములు పట్టుకుని కూర్చున్న మెమరీ అంతా దాంతో విడుదలవుతుంది. ఆపి మళ్లీ ఆన్ చేసినా అంతే కదా అనుకుంటాం. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తుంటే అంతే కాదు. షట్‌డౌన్‌లో సిస్టం లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచి, ఆన్ చెయ్యగానే దాన్నే తిరిగి తెస్తుంది. రీస్టార్ట్ ఒక్కటే మొదటినుంచి మొదలుపెడుతుంది.

నాకు వంటింటి చిట్కాల మీదే గురి. అక్కడ నాలుక ఉంది. అరచేతిలో చుక్క వేసుకుని చప్పరిస్తే మందు పనిచేసిందో లేదో తేలిపోతుంది. కంప్యూటర్‌నూ అలా రుచి చూడొచ్చు, కాకపోతే ఆ సంగతి ఇళ్లలో ఎవరూ చెప్పరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ అన్న చోట నొక్కితే ఎక్కువ తింటున్న ప్రోగ్రాం పైకొచ్చి నిలబడుతుంది.

వంటింటి నుంచి ఇటు వచ్చిన చిట్కా ఒకటుంది. తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టడం. ఫోన్ సందుల్లోకి బియ్యపు నలుసులు పోతాయి. ఐఫోన్‌ను అలా పెట్టొద్దని 2024లో యాపిల్ సంస్థే చెప్పింది.

వంటింటి తెలివీ, కంప్యూటర్ తెలివీ ఒక్కచోట నిజంగా కలుస్తాయి. పప్పు అడుగంటితే గరిటె పెట్టకూడదు. పొయ్యి ఆపి, పైపప్పును మెల్లగా వేరే గిన్నెలోకి వంచుకోవాలి. గీకామా, మాడు వాసన గిన్నెంతా ఎక్కుతుంది. హార్డ్ డిస్క్‌లో చెరిపిన ఫైలూ అంతే. చెరిగేది దాని చిరునామా మాత్రమే, ఫైలు అక్కడే ఉంటుంది. ఆ చోట కొత్తది పడితే ఇక దొరకదు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీల్లో ఈ ఆశ చాలా తక్కువ.

ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, చెల్లి పెళ్లి ఫోటోలు పోయాయిరా! రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేశాను. ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే వస్తాయంటున్నారు, ఎక్కించనా?"

"వద్దమ్మా. పప్పు అడుగంటిందనుకో. గరిటె పెట్టకు."

"అయితే పొయ్యి ఆపేస్తున్నా" అంది.

ఆదివారం నేను వెళ్లేదాకా కంప్యూటర్‌ను ముట్టుకోలేదు. ఆ డిస్క్‌ను తీసి నా కంప్యూటర్‌కు తగిలించి వెతికిస్తే, నాలుగైదు తప్ప ఫోటోలన్నీ వచ్చాయి.