మట్టిలో మాణిక్యాలు – మనం రాయని సంగతులు

ప్రతి వేసవిలో పరీక్షా ఫలితాలు వచ్చాక పేపర్లో ఒక వార్త వస్తుంది. ఊరు మారుతుంది, పేరు మారుతుంది, శీర్షిక మాత్రం మారదు. మట్టిలో మాణిక్యం. కొండ మీద గూడెం, పూరిల్లు, తునికాకు కోసే తల్లి, కిరోసిన్ బుడ్డి, ఆ బుడ్డి వెలుగులో చదివిన పిల్ల, చివర ర్యాంకు. ఫొటోలో తల్లి బిడ్డ నోట్లో మిఠాయి పెడుతూ ఉంటుంది. మేము ఆ వార్తను కత్తిరించి బడి నోటీసు బోర్డుకు అంటిస్తాం. ప్రార్థన సమయంలో చదివి వినిపిస్తాం. మన ఆదివాసీ రచయితలు చదువు గురించి రాసే కథలూ కవితలూ కూడా చాలావరకు ఇదే బాటలో నడుస్తున్నాయి. వాగు దాటిన పిల్లవాడు, దీపంలాంటి అక్షరం, చివర్లో వెలుగు.

ఆ వార్త మీదా, ఆ బాట పట్టిన మన రాతల మీదా మాకున్న అభ్యంతరం చెప్పడానికే ఈ వ్యాసం. అవి అబద్ధాలని మేము అనడం లేదు. ఆ తల్లి నిజం, ఆమె వేళ్ళకు పట్టిన ఆకు మరక నిజం. (బుడ్డి సంగతే కొంచెం అనుమానం. చాలా గూడేలకు కరెంటు వచ్చినా వార్తలోంచి బుడ్డి పోలేదు.) మా అభ్యంతరం ఏమిటంటే, ఆ కథ సీటు వచ్చిన రోజున ఆగిపోతుంది. మా పిల్లల అసలు కష్టం ఆ మర్నాడు మొదలవుతుంది. ఇంకొకటి కూడా ఉంది. ఆ కథలో అడ్డంకులంటే వాగు, కొండ, పేదరికం. వాటిని దాటించేది పిల్ల పట్టుదల. అలాగైతే దాటలేకపోయిన పిల్లకు పట్టుదల లేదన్నమాటే కదా. ఆ మాట ఎవరూ రాయరు. చదివినవాళ్ళ మనసులో మాత్రం అదే మిగులుతుంది. మా మనసులోనూ అదే మిగిలింది, దాని సంగతి తర్వాత చెప్తాం.

మేము పనిచేసేది శబరి వచ్చి గోదావరిలో కలిసే వైపు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా మండలాలు కొన్నిటిని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం తూర్పు గోదావరికి పోయాయి. కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరికి పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్ళీ మారాయి. అప్పటికి పదో తరగతిలో ఉన్న ఒక పిల్లను తీసుకోండి. ఆమె రెండో తరగతి ఖమ్మం జిల్లాలో చదివింది. మూడో తరగతికి తూర్పు గోదావరి అయింది. పదో తరగతి పరీక్ష రాసేనాటికి అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఆమె ఇల్లు మారలేదు, ఇంటి ముందు చింతచెట్టు మారలేదు. కాగితాల మీద మాత్రం ఆమెది మూడు జిల్లాలు, రెండు రాష్ట్రాలు. తండ్రి పాత కులపత్రం మీద ఒక జిల్లా, ఆమె ఆధార్ మీద ఒక జిల్లా, మార్కుల మెమో మీద ఇంకో జిల్లా. ఆ మూడూ ఒకటే ఊరని నిరూపించుకోవలసింది ఆ పిల్లే.

దీనికి తోడు మావాళ్ళకు ఆసుపత్రి, అంగడి, చుట్టాలు, బస్టాండు అన్నీ భద్రాచలమే. కాబట్టి కొందరు పిల్లలు అక్కడే ఉండి చదువుకున్నారు. కాలేజీ ప్రవేశాల్లో స్థానికుడు అన్నది ఇల్లు ఎక్కడుందో చూసి తేల్చరు, వరసగా ఏ ఏళ్ళు ఎక్కడ చదివారో చూసి తేలుస్తారు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏరుకు అవతల చదివితే చదువు ఒక రాష్ట్రానిది, కులపత్రం ఇంకో రాష్ట్రానిది. రెండు కౌంటర్ల మధ్య నిలబడ్డ ఆ పిల్లవాడికి వాగు దాటడం తెలుసు. చిన్నప్పటి నుంచీ దాటుతూనే ఉన్నాడు. ఈ గీత ఎలా దాటాలో చెప్పేవాళ్ళు లేరు.

ఆ 2022లోనే జులైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు, దాన్నిబట్టి మా ఊళ్ళ గతి ఊహించుకోండి. పదో తరగతి పాసైన పిల్లలు ఇంటర్‌లో చేరవలసిన రోజులవి. గుట్టల మీద టార్పాలిన్ పట్టాల కింద ఉన్నారు. ట్రంకుపెట్టెలో పెట్టిన కాగితాలు బురదలో కలిసిపోయినవాళ్ళు బడికి వచ్చి మమ్మల్ని అడిగారు. మా బడి రిజిస్టర్లు ఎంత భద్రంగా ఉన్నాయో మేము చెప్పకపోవడమే మంచిది. ఆ వరద మీద మన సంకలనాల్లో కవితలు వచ్చాయి. పశువులు, ఇళ్ళు, పంట అన్నీ వాటిలో ఉన్నాయి. నీళ్ళలో పోయిన టీసీ మీద ఒక్క కథ మా కంటబడలేదు. ఆ టీసీ లేక ఆ ఏడాది ఆగిపోయిన చదువుల మీద అసలే లేదు.

ఇక మా తప్పు చెప్పుకోవాలి. ఆశ్రమ పాఠశాలలో పిల్ల గంటతో లేస్తుంది, గంటతో తింటుంది, గంటతో పడుకుంటుంది. సబ్బు మేమే ఇస్తాం, పుస్తకం మేమే ఇస్తాం. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపిస్తాం. సెలవులకు ఇంటికి పోవాలంటే తల్లో తండ్రో వచ్చి రాసి తీసుకెళ్ళాలి. ఇలా ఎనిమిదేళ్ళు, పదేళ్ళు. ఆ తర్వాత ఒక జూన్ నెలలో ఆ పిల్లనే పట్నం పంపించి, బ్యాంకు ఖాతా తెరుచుకో, మీసేవకు పో, వెబ్ ఆప్షన్లు పెట్టుకో, ఓటీపీ వస్తే చెప్పు అంటాం. సిగ్నల్ కోసం మద్దిచెట్టు దగ్గరికి నడిచి వెళ్ళే ఊళ్ళో ఓటీపీ గడువు దాటిపోయాకే వస్తుంది. ఆధార్‌కు కట్టిన నంబరు ఎప్పుడో రీఛార్జి చేయక పోయిన అన్న సిమ్ముది. ఇది పట్టుదలతో దాటే వాగు కాదు. పక్కన తెలిసిన మనిషి ఒకరు కూర్చుంటే అరగంటలో అయ్యే పని. ఆ అరగంట మేము కూర్చోలేదు. పదో తరగతి ఉత్తీర్ణత శాతం వచ్చాక మా బాధ్యత తీరిందనుకున్నాం. శాతం అడిగే పైఅధికారి, ఆ పిల్లలు ఇప్పుడెక్కడున్నారని మమ్మల్ని ఎన్నడూ అడగలేదు.

గ్రూపు సంగతి కూడా అంతే. లెక్కలంటే ఇష్టమున్న పిల్లవాణ్ణి హెచ్‌ఈసీలో చేర్చిన పాపం మాలో చాలామందికి ఉంది. దగ్గరి కాలేజీలో అదే ఉంది, హాస్టల్ సీటు అక్కడే దొరికింది, పోనీలే అనుకున్నాం. అక్కడితో ఇంజనీరింగు, మెడిసిన్ దారులు మూసుకుపోయాయని వాడికి రెండేళ్ళ తర్వాత తెలిసింది.

భాష గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది వార్తల్లోకి అసలు రాదు. 1943లో ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. హైమెన్‌డార్ఫ్ ఆ పని చేయించినప్పుడు గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. అంటే, మన పిల్ల మన మాటలో మొదలుపెట్టాలన్న ఎరుక అప్పుడే ఉంది. అరవై ఏళ్ళ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, కువి, సవర వంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతులకు పుస్తకాలు వేశారు. కొన్ని బళ్ళలో బాగా నడిచాయి, కొన్నింట్లో కట్టలు విప్పలేదు. మా పిల్ల ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, అది కాస్త నాలుక తిరిగే వేళకు ఇంగ్లీషు కాలేజీకి పోతుంది. అక్కడ మొదటి నెలలో లెక్చరర్ ఏదో అడుగుతారు. పిల్లకు జవాబు తెలుసు. దాన్ని కోయలోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఇంగ్లీషులోకి తెచ్చుకునేలోపు పక్క పిల్ల చెప్పేస్తుంది. ఒకసారి నోరు తెరిస్తే యాస విని వెనక బెంచీలో ఎవరో నవ్వుతారు. ఆ తర్వాత ఆమె నోరు తెరవదు. మూడో నెలలో ఆ పిల్ల డల్ అని పేరు పడుతుంది. మా బడిలో ఆమె పాటకు అందరూ కోరస్ పాడేవాళ్ళు.

చదివి ఏమవుతుందన్నది కూడా అడ్డంకే. మా తరంలో గూడెం పిల్లలకు చదువు మీద ఆశ పుట్టించింది పంతులు ఉద్యోగం. 2000 నాటి జీవో 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులు స్థానిక ఆదివాసులకే. డిప్లొమా చేస్తే సొంత గడ్డ మీద, సొంత భాష తెలిసిన పిల్లల ముందు నిలబడవచ్చు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలకు ఢోకా లేదంది. మా ఉద్యోగాలు నిలిచాయి, మా వెనక తలుపు పడింది. ఇప్పుడు ఇంటర్ పిల్లవాడు మాతో అంటాడు, సార్, మీరు చదివితే పంతులయ్యారు, నేను చదివితే ఏమవుతాను అని. ఆ ప్రశ్నకు నోటీసు బోర్డు మీది వార్త జవాబు చెప్పదు. విభజన చట్టంలో చెప్పిన గిరిజన విశ్వవిద్యాలయాలు రెండూ వచ్చాయి, విజయనగరం వైపు 2019లో, ములుగుకు 2023 చివర్లో చట్టం చేశారు. మంచిదే. అక్కడిదాకా చేరే పిల్లల సంగతే మా గోడు.

ఇప్పుడు ముందు దాచిన సంగతి. 2022లో మా బడి నుంచి పదో తరగతి పాసైన ఒక అమ్మాయి ఉంది. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. పట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీలో చేరింది. ఏడాది తిరగకుండా ఇంటికొచ్చి, మిరప కోతలకు పోవడం మొదలుపెట్టింది. ఆమె చెడిపోయిందనీ, ఫోను మాయలో పడిందనీ ఎవరో అన్నారు. మేము నమ్మాం. నమ్మి ఊరుకోలేదు, ఒక ఉదయం ప్రార్థనలో పిల్లలకు చెప్పాం. అవకాశం వచ్చినా శ్రద్ధ లేకపోతే ఇలాగే అవుతుందని, పేరు పెట్టి మరీ చెప్పాం. ఆ వరసలో ఆమె తమ్ముడు నిలబడి ఉన్నాడు.

తర్వాత కొన్ని నెలలకు స్టడీ సర్టిఫికెట్ కోసం ఆమె బడికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "ప్రార్థనలో నా పేరు చెప్పారంట కదా సార్" అంది. కోపంగా కాదు, మామూలుగా అడిగింది. మాకు మాట రాలేదు. అప్పుడు అడిగితే చెప్పింది. ఫీజు డబ్బు ప్రభుత్వం నుంచి కాలేజీకి రాలేదట. వచ్చేదాకా మీరే కట్టండి, వచ్చాక తిరిగిస్తాం అన్నారట. పరీక్షల ముందు హాల్‌టికెట్ ఇవ్వలేదట. తునికాకు డబ్బు అప్పటికే హాస్టల్ డిపాజిట్‌కు పోయింది. ఇంట్లో చెప్తే అమ్మ ఎద్దును అమ్ముతుందని చెప్పలేదు. కోతల్లో కూలి కూడబెట్టి ఫీజు కట్టి మళ్ళీ చేరదామనుకుంది. కాలేజీలో ఎవర్నీ నిలదీయడం తెలియలేదు. నిలదీయడం పదేళ్ళలో మేము నేర్పలేదు కూడా.

"మాకెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాం.

"మీరు కూడా మాణిక్యం అన్నారు కదా సార్" అంది. ఆమె ఇంటర్ మార్కుల వార్త కూడా మేమే అంటించాం మరి. అది ఇప్పటికీ బోర్డు మీదే ఉంది.

సర్టిఫికెట్ రాసిచ్చాం. తర్వాతి సోమవారం ప్రార్థనలో, మేము ఆమె గురించి చెప్పింది తప్పని పిల్లలందరి ముందూ చెప్పాం. తమ్ముడు తల ఎత్తలేదు. మాలో ఇద్దరం ఆమెను వెంటబెట్టుకుని ఆ కాలేజీకి రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి ప్రిన్సిపాల్ లేరన్నారు. రెండోసారి బాకీ కాగితం చేతికిచ్చారు. ఐటీడీఏ కార్యాలయంలో అర్జీ పెట్టి రసీదు తీసుకున్నాం. ఆమె టీసీ ఇంకా కాలేజీ బీరువాలోనే ఉంది.