చుక్క పెట్టవలసిన చోటు

ఇంగ్లీషు వాక్యం చివర నిలిచే పూర్ణవిరామం, అంటే బ్రిటిష్‌వారు ఫుల్‌స్టాప్ అనీ అమెరికన్లు పీరియడ్ అనీ పిలిచే చుక్క, అలంకారం కాదనీ అర్థంలో భాగమనీ ఈ శీర్షికలో పలుమార్లు ప్రతిపాదించడం పాఠకులు ఎరిగినదే. స్వతంత్ర వాక్యాలను కామాలతో అతికిస్తూ, చుక్కను పేరా చివరిదాకా వాయిదా వేసిన ఒక ఇంగ్లీషు ప్రకటన ఈ వారం కంటబడి, ఆ వాదాన్ని మళ్లీ పరిశీలించేలా చేసింది.

పదాల మధ్య ఖాళీ లేకుండా గ్రీకు గ్రంథాలు రాసే కాలంలో, క్రీ.పూ. 200 ప్రాంతంలో, అలెగ్జాండ్రియా గ్రంథాలయాధిపతి, బైజాంటియమ్‌కు చెందిన అరిస్టోఫెనీస్, బిగ్గరగా చదివేవారి కోసం మూడు చుక్కలు ఏర్పరచాడు. అక్షరాల పైఎత్తున ఉన్న చుక్క పూర్తి విరామాన్ని, నడుమ, అడుగున ఉన్నవి అంతకు తక్కువ విరామాలను సూచించేవి. పీరియడ్‌కు మూలమైన పెరియొడొస్ అనే గ్రీకు మాట మొదట గుర్తుకు కాక, చుట్టివచ్చి ముగిసే సంపూర్ణ వాక్యానికే పేరు. కాలక్రమాన చుక్క అడుగుకు దిగి, ఊపిరిని కొలిచే స్థితినుండి వాక్యనిర్మాణాన్ని చూపే స్థితికి మారింది. నిర్మాణమే ప్రమాణమైతే, చుక్కను ఎప్పుడూ ఉద్ధరణ చిహ్నాల లోపలే ఉంచే అమెరికన్ ఆచారం కంటె, ఉద్ధరించిన మాటకు చెందితేనే లోపల ఉంచే బ్రిటిష్ పద్ధతి సమంజసం.

ఈ నిష్ఠకు ఎదురుగా నిలిచేది ఫోన్ సందేశం. చుక్కతో ముగిసిన జవాబులు చుక్క లేనివాటికంటె తక్కువ నిజాయతీగా తోస్తాయని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయ అధ్యయనం 2015లో వెల్లడించింది. చేతిరాత చీటీలలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. దీన్ని భాషాపతనమనడం సులభమే గాని, తెలుగు వాక్యం వేరే వివరణ ఇస్తుంది. ‘వచ్చి’ అనే అసమాపక క్రియ, అంటే పనిని ముగించని క్రియ, మాట ఇంకా మిగిలి ఉందని చెబుతుంది. ‘వచ్చాడు’ అనే సమాపక క్రియ వాక్యం ముగిసిందని చెబుతుంది. అందువల్లనే నేటి చుక్క లేని తాళపత్రాలలోనూ వచనం నడవగలిగింది. క్రియ తరువాత కర్మ, విశేషణాలు వచ్చి చేరే ఇంగ్లీషులో ముగింపు పలికే పదం లేదు గనుక, ఆ భారమంతా చుక్కదే. ఫోన్‌లో ఆ భారాన్ని సందేశపు హద్దే మోస్తున్నప్పుడు, పని తీరిన చుక్క స్వరాన్ని సూచించే గుర్తుగా మారడం సహజం.

కనుక చుక్కను సరిగా వాడటమంటే ముగింపు కనిపించిన ప్రతిచోటా పెట్టడం కాదు, ముగింపును మరేదీ చెప్పని చోట తప్పక పెట్టడం. ఆ కొలతతో చూస్తే చుక్క లేని చిన్న సందేశం నిర్దోషం. కామాలతో సాగిన ఆ ప్రకటన, పాఠకుడికున్న ఒకేఒక ఆనవాలును తీసివేసింది గనుక, దోషమే.