తీపికి కారం తోడు

పల్నాడులో పిజ్జా పరాయి వంటే కావచ్చు. దాని మీద పండు ముక్కలు, చీజ్, చిటికెడు కారం వేసి రుచి నిలబెట్టే నేర్పు మాత్రం పరాయిది కాదు. జామకాయ కోసి ఉప్పూ కారం అద్దుకు తినే ఊళ్లివి. ఉగాది పచ్చడిలో బెల్లాన్నీ చింతపండునూ ఉప్పునూ ఒకే గిన్నెలో కలిపే ఇళ్లివి. 1962లో కెనడాలోని చాతమ్ పట్టణంలో రెస్టారెంట్ నడిపే సామ్ పనోపులస్ పిజ్జాపై అనాస ముక్కలు వేసినప్పుడు కుదిరిందీ ఈ తూకమే. చీజ్‌లోని ఉప్పు పండు తీపిని అదుపులో పెడుతుంది; పండులోని పులుపు చీజ్ జిడ్డును విరుస్తుంది.

నరసరావుపేటలోనో మాచర్లలోనో ఓవెన్ లేని వంటింట్లో ఈ పండు పిజ్జా చేసే చేతులకు ఓర్పు ఎక్కువే కావాలి. పిండి పొంగేదాకా ఆగాలి. మందపాటి పెనం మీద రొట్టెను ఒకవైపు కాల్చి, తిరగేసి, కాలిన వైపున పండూ చీజూ పరిచి, మూతపెట్టి సన్నని సెగన ఉంచాలి. పండు వేస్తే రొట్టె ముద్దవుతుందనే అభ్యంతరం నిజమే. దానికి జవాబు పనితనంలోనే ఉంది. అనాస, మామిడి ముక్కల్ని ముందే పెనం మీద వేయిస్తే నీరు ఇగిరిపోతుంది, చక్కెర ఎర్రబడి తీపికి చిరుచేదు తోడవుతుంది. ఇక ఇది మన వంట కాదనేవారు మిరపను తలచుకోవాలి. అమెరికా ఖండాల్లో పుట్టి, పోర్చుగీసుల ఓడల్లో మన తీరం చేరిన ఆ పంటే నేడు పల్నాడు పొలాలకు పేరు తెచ్చింది. వంట ఎక్కడ పుట్టిందన్నది చరిత్ర. ఎంత శ్రద్ధగా చేశామన్నదే దాన్ని మనది చేస్తుంది.