అర్థము చాలదు, అధ్యాయమును చదువుడి



మగశిశువులకు పెట్టదగిన అరుదైన బైబిలు పేర్ల పట్టికలు మన సంఘములలో చేతినుండి చేతికి తిరుగుచున్నవి. ఒక ప్రక్క పేరు, దాని యెదుట అర్థము. ఓబేదు, ఒనేసిము వంటి మరుగుపడిన నామములను ఇవి జ్ఞాపకము చేయుట మేలే. అయితే వీటిలో ఒక గొప్ప లోపము కలదు. అర్థము చెప్పి, ఆ పేరు పుట్టిన గడియను విడిచిపెట్టుచున్నవి.

ఈకాబోదు అను పేరు చెవికి ఇంపుగానే యున్నది. హెబ్రీలో కాబోదు అనగా మహిమ. కాని మహిమ పోయెనని తెలుపుటకే ఆ పేరు పెట్టబడెను. దేవుని మందసము పట్టబడెననియు, మామయు పెనిమిటియు చనిపోయిరనియు విని, కాన్పులోనే కన్నుమూయుచు ఫీనెహాసు భార్య పెట్టిన పేరది. లోఅమ్మీ అనగా నా జనము కాదు. అది హోషేయ కుమారుని పేరుగా ఇశ్రాయేలునకు వచ్చిన తీర్పు. ఇట్టి పేర్లు సంతోషముతో పెట్టునవియా?

యబ్బేజు పేరులో వేదన యున్నది. అయినను అతడు దేవునికి మొఱ్ఱపెట్టగా దేవుడు ఆలకించెను (1 దిన. 4:9, 10). "వేదన" అని వ్రాసి ప్రార్థనను మరచిన పట్టిక సగమే చెప్పినది.

మన పల్లెలలోను వరుసగా బిడ్డలు పోయిన యింట పుట్టినవానికి పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుట కలదు. ఆ పేర్లను పరిహసింపకుడి. వాటిలో తల్లి భయము, కన్నీరు ఉన్నవి.

ఒక గ్రామమున నేను కాపరిగా నున్నప్పుడు, కాన్పులో భార్యను పోగొట్టుకొనిన యువకుడొకడు బాప్తిస్మమునకు బిడ్డను తెచ్చి, బెనోని అను పేరు వ్రాసిన చీటీ నా చేతికిచ్చెను. "దుఃఖపుత్రుడని అర్థమట అయ్యగారూ. వీనికి తగినదే" అనెను. బిడ్డవైపు చూడలేదు. నేను ఆదికాండము 35వ అధ్యాయము తీసి చదివితిని. చనిపోవుచు రాహేలు పెట్టిన పేరది. భార్యను పాతిపెట్టబోవు యాకోబు మాత్రము ఆ పేరు ఉండనీయక, కుడిచేతి పుత్రుడను భావముతో బెన్యామీనని పిలిచెను. యువకుడు చాలసేపు మౌనముగా నుండి, బిడ్డను నా చేతినుండి తీసికొని, "బెన్యామీను" అనెను.

ఆ మాట ఏ పట్టికలోను అతనికి దొరకలేదు. పట్టికలు కూర్చువారు పేరు ప్రక్కన అధ్యాయమును, వచనమును అచ్చువేయుదురు గాక. తల్లిదండ్రులారా, పేరు పెట్టకమునుపు ఆ అధ్యాయమును ఇంటిలో బిగ్గరగా చదివించుకొని, బిడ్డ కొరకు మోకాళ్లూనుడి.